మంగ్లా నుంచి తారిణి కబుర్లు

మంగ్లా, బిలాస్‌పూర్
మంగళవారం రాత్రి

నాన్నా,

కోర్బా బండి రాయగడ కొండలు దాటించి క్షేమంగా దించింది. పిన్నీ బాబాయీ కులాసా. ఇంట్లో తెలుగే, గుమ్మం దాటితే ఛత్తీస్‌గఢీ. సముద్రం ఎన్నడూ చూడని చిన్నోడు నన్ను వదలడం లేదు. మన విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి మరో నలుగురు నేవీ అమ్మాయిలతో భూమి చుట్టొచ్చిన తెరచాప పడవ తారిణి ఫైబర్‌దేనా, మరి విరగలేదేం అంటాడు.

ఫైబర్‌దే. నువ్వు బోటు అచ్చులో మ్యాటు పరిచి రెసిన్ పూస్తావే, ఆ సరుకే. అయితే గోవాలో దీన్ని కట్టినవాళ్లు నడుమ కర్ర పెట్టి, లోపలా బయటా ఫైబర్‌గ్లాస్ పొరలు వేశారు. పొరల మధ్య ఎడం పెరిగేకొద్దీ గోడ అంత తేలిగ్గా వంగదు, బరువేమో అంతగా పెరగదు. పడవ పొడవు సుమారు 17 మీటర్లు, తెరచాప కొయ్య ఎత్తు 25. గాలి తోస్తే పక్కకు వాలాల్సిందే. అప్పుడు కాపాడేది నీటి అడుగున ఉండే కీల్. అందులో బరువు పోస్తారు. పడవ వాలేకొద్దీ ఆ బరువు దాన్ని నిటారుగా లాగుతుంది. చిన్నోడి దగ్గర తోస్తే లేచి నిలబడే బొమ్మ ఉంది, దాన్నే చూపించాను.

బాబాయి రైల్వే మనిషి కదా, “అంత బరువైతే నడక మందగించదా?” అన్నారు. మందగిస్తుంది. నాకు ఆ నిదానమే గొప్పగా కనిపిస్తుంది నాన్నా. తేలికపాటి పడవను ప్రతి అలా ఎగరేస్తుంది. లోపలివాళ్లకు నిద్రుండదు, వంట సాగదు, చుక్కాని దగ్గర చేతులు పడిపోతాయి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చేదాకా, 21,600 నాటికల్ మైళ్లకు పైగా తెరచాపల మీదే వెళ్లారు. పసిఫిక్‌లో గంటకు 110 కిలోమీటర్లు మించిన గాలిని తట్టుకున్నారు. మనుషుల్ని అలిసిపోనివ్వని పడవే సముద్రానికి పనికొచ్చే పడవ.

గురువారం

ఫోనులో అడిగావుగా, చుక్కాని చెడితే ఎలాగని. చెడింది కూడా. ఆ యాత్రలోనే కేప్‌టౌన్ నుంచి వస్తుండగా హిందూ మహాసముద్రంలో స్టీరింగు మొరాయిస్తే మారిషస్‌లో ఆగి, బాగుచేసుకుని ఇంటికొచ్చారు. పాత పడవైపోయిందని పక్కన పెట్టలేదు. 2024 అక్టోబరు 2న నేవీ అమ్మాయిలు దిల్నా, రూపా ఇద్దరే అదే తారిణిలో మళ్లీ భూమి చుట్టడానికి బయల్దేరి, 2025 మే 29న గోవా చేరారు.

ఆదివారం బండికి వస్తున్నా. చిన్నోడూ నాతో వస్తాడు, పిన్ని ఒప్పుకుంది. కొత్త బోటుకి మ్యాటు వేసే పని సోమవారం దాకా ఆపు.

నీ పెద్దమ్మాయి