తినని చేపకు గాలమెందుకు?

మరోదా పేరు విన్న తెలుగు పాఠకులు తక్కువ. అది ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు నగరంలో ఒక భాగం. తాండుల కాలువ నీటిని ఉక్కు కర్మాగారం కోసం నిల్వచేసే జలాశయాలు అక్కడ ఉన్నాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైనప్పటి నుంచి దేశం నలుమూలల నుంచీ మనుషులు ఈ నగరానికి చేరారు. వారిలో తెలుగువారూ ఉన్నారు.

ఒక ఆదివారం అక్కడి గట్టు మీద విశ్రాంత కార్మికుడైన మావయ్య, బెంగళూరు నుంచి సెలవుకు వచ్చిన మేనల్లుడు కూర్చున్నారని ఊహించుకోవచ్చు. అనుమతి ఉందా లేదా అన్నది కాసేపు పక్కన ఉంచాలి. మావయ్య చేతిలో వెదురు కర్ర, బెండు, వానపాముల డబ్బా. మేనల్లుడి చేతిలో విదేశీ రాడ్డు, రీలు. అతడికి రెండు కిలోల శీలావతి పడుతుంది. ఫొటో తీసుకుని, ముద్దుపెట్టినంత పని చేసి, నీళ్లలో వదిలేస్తాడు.

“తినని చేపకు గాలమెందుకు వేశావురా?”

“తింటే ఒక్క పూటే కదా మావయ్యా. వదిలితే మళ్లీ పెరుగుతుంది, ఇంకొకరికి దొరుకుతుంది.”

ఈ రెండు వాక్యాల మీద ప్రపంచంలో ప్రభుత్వాలే చీలిపోయాయి. మేనల్లుడి వాదం అమెరికాలో బలపడింది. మంచి చేపను ఒక్కసారే పట్టి ముగించడం వృథా అని లీ వుల్ఫ్ 1939లోనే రాశాడు. మావయ్య పక్షాన స్విట్జర్లాండ్ నిలిచింది. వదిలేయాలన్న ఉద్దేశంతోనే చేపను పట్టడాన్ని ఆ దేశం 2009 నుంచి నిషేధించింది. సహేతుక కారణం లేకుండా ప్రాణిని బాధించరాదనే జర్మనీ చట్టమూ వినోదం కోసం పట్టి వదలడాన్ని అంగీకరించదు. చేపకు నొప్పి ఏమిటని నవ్వేవారు 2003లో లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల మీద ప్రచురించిన పరిశోధనను చూడాలి. ఆకలి తీర్చుకోవడానికి చంపడం క్రూరత్వమా, ఆనందం కోసం హింసించి క్షమించడం క్రూరత్వమా? జాలిని ఆధునికతకు గుర్తుగా భావించే మధ్యతరగతికి ఈ ప్రశ్న ఇబ్బందికరమైనదే.

అయితే మేనల్లుడి వాదానికి మన దేశంలోనే గట్టి ఆధారం ఉంది. కావేరిలో గాలిబోరె వంటి శిబిరాల్లో మహసీర్ చేపలను పట్టి, తూచి, వదిలేవారు. అభయారణ్యంలో గాలం వేయడమూ వేటే అవుతుందంటూ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తర్వాత దాన్ని ఆపించారు. ఆ వేటగాళ్లు రాసుకున్న లెక్కలే తరువాత శాస్త్రజ్ఞులకు ఉపయోగపడ్డాయి. బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ పెరుగుతుండగా, కావేరికే సొంతమైన మూపురపు మహసీర్ కనుమరుగవుతోందని ఆ లెక్కలే చూపాయి. 2018లో అది తీవ్ర విపత్తులో ఉన్న జాతుల జాబితాకెక్కింది. పట్టి వదిలినవారి పుస్తకాలు లేకపోతే ఆ సంగతి అంత స్పష్టంగా తెలిసేది కాదు. నదిలో మరో చేపను వదిలినవారి ఉద్దేశమూ మంచిదే. హాని మాత్రం అక్కడి నుంచే మొదలైంది.

కానీ కావేరి న్యాయం చెరువుకు చెల్లదు. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు వానాకాలపు వరద పారే నదుల్లో గుడ్లు పెడతాయి గానీ నిలిచిన నీటి చెరువుల్లో సాధారణంగా పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి ఈ జాతి చేపల చేత హార్మోన్ సూదితో గుడ్లు పెట్టించగలిగారు కాబట్టే నేడు ఊరూరా చేపపిల్లలు దొరుకుతున్నాయి. అంటే చెరువులోని శీలావతి సాధారణంగా ఎవరో డబ్బు పెట్టి వదిలిన పంట. దాన్ని నీటిలోకి వదిలి జాతిని కాపాడానని గర్వపడటం వరి పొలంలో ఒక కంకిని కోయకుండా వదిలి అడవిని కాపాడానన్నట్టు ఉంటుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాలానికి పడితే వదలడమే తప్పు. పెంపకాన్నే నిషేధించిన చేప అది.

కాబట్టి అసలు ప్రశ్న చేపది కాదు, నీటిది. ఛత్తీస్‌గఢ్‌లో పంచాయతీ చెరువులను మత్స్యకార సహకార సంఘాలకు కౌలుకిస్తారు. తెలుగు రాష్ట్రాల్లోనూ సొసైటీల పద్ధతి ఉంది. అలాంటి చెరువులో సెలవుదినపు వేటగాడు చేపను ఇంటికి తీసుకుపోతే ఒక కేవటో, నిషాదో, ముదిరాజో పెట్టిన పెట్టుబడిని తీసుకుపోయినట్టే. వదిలేస్తే నిర్దోషి అవుతాడా? గొంతులో లోతుగా గాలం గుచ్చుకున్న చేప ఈదుకుంటూ వెళ్లినా తర్వాత చచ్చిపోవచ్చు. వేసవిలో నీరు వేడెక్కి ప్రాణవాయువు తగ్గినప్పుడు ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఫొటోలో అది కనిపించదు. ఉక్కు కోసం కట్టిన జలాశయమైతే ప్రశ్న మరింత చిక్కనవుతుంది. కర్మాగారం కోసం భూమి పోయినవారికి లేని హక్కు, అందులో పనిచేసినవారికి గట్టు మీద కూర్చున్నంత మాత్రాన ఎలా వస్తుంది?

పెద్ద చేప చిన్న చేపను మింగే అరాచకానికి మన రాజనీతి మత్స్యన్యాయమని పేరు పెట్టింది. భాగవతంలో సత్యవ్రతుడి దోసిట్లో పడిన చిన్న చేప, తనను తిరిగి నదిలో వదలవద్దనీ, పెద్దవి తినేస్తాయనీ వేడుకుంటుంది. వదలడమే దయ అనుకునేవారికి ఆ కథ కాస్త ఎదురు తిరుగుతుంది. రాజు దాన్ని కమండలంలో పెట్టుకుని తీసుకుపోయాడు, పెరిగేకొద్దీ పెద్ద నీటికి మార్చాడు. ఒక్క క్షణపు జాలితో అతడి బాధ్యత తీరలేదు.

మావయ్య వాదంలోనూ ఒక చిల్లు ఉంది. ఆయనకు ఇష్టమైన చేప కొర్రమీను. బొచ్చెలా కాదు, అది చెరువులోనే గుడ్లు పెడుతుంది. ఎర్రగా మెరిసే పిల్లల గుంపు ఊపిరి కోసం నీటిపైకి వస్తుంటే తల్లిదండ్రులు కింద కాపలా కాస్తాయి. అనుభవమున్నవాడు ఆ గుంపు పక్కనే కప్పను ఎరవేస్తాడు. కాపలా చేప దూకి కరుస్తుంది. ఆకలితో కాదు, పిల్లల మీదికి ఏదో వచ్చిందని. దాన్ని వండుకుంటే “తినడానికే పట్టాను” అన్న మాట నిజమే. కాపలా తప్పిన పిల్లలను మిగతా చేపలు ఖాళీ చేస్తాయి.

“మరి అది పడితే వదిలేస్తావా మావయ్యా?”

“అక్కడ గాలమే వెయ్యను. మా నాన్న వెయ్యనిచ్చేవాడు కాదు.”

ఛత్తీస్‌గఢ్‌లో జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు చేపల వేట నిషేధం. ఆ నిషేధం నదులకు, వాటితో కలిసిన నీళ్లకు వర్తిస్తుంది. నదీ వాగుల సంబంధం లేని చిన్న చెరువులకు మినహాయింపు ఉంది. కొర్రమీను పిల్లల గుంపులు తిరిగే నీళ్లలో అలాంటి చెరువులూ ఉన్నాయి.