ఒంటిమిట్ట చెరువు, చెట్టు కప్ప

కడప నుండి తిరుపతి బస్సు ఎక్కితే సుమారు 25 కిలోమీటర్లు దాటగానే ఒంటిమిట్ట వస్తుంది. కోదండరామాలయం వలన ఈ ఊరు అందరికీ తెలుసు. ఊరి పక్కనే పెద్ద చెరువు, అవతల కొండలు. రాయలసీమలోని అనేక చెరువులకు వానే ఆధారం.

ఇటువంటి ఎండనేలలో చెట్లెక్కే కప్ప బ్రతకగలదా? బ్రతుకుతుంది. వాన రాత్రి స్నానాలగది గోడకు అంటుకొని కూర్చునే గోధుమరంగు కప్పను మీలో అనేకులు చూసే ఉంటారు. అదే చెట్టు కప్ప. దాని వేళ్ళ చివర గుండ్రని బిళ్ళలుంటాయి. వాటితోనే నున్నని గోడనైనా పట్టుకొని ఎక్కుతుంది.

కప్పకు చర్మం ఎండితే ప్రాణాపాయమే. అందుకే ఇది వేసవి పగళ్ళు చెట్టు తొర్రలలో, బెరడు సందుల్లో, ఇంటి చల్లని మూలల్లో కాళ్ళు ముడుచుకొని గడుపుతుంది. అంతేకాదు, తన చర్మం నుండి ఊరే జిడ్డును, మనం నూనె రాసుకున్నట్లు, కాళ్ళతో ఒళ్ళంతా పులుముకుంటుంది. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు 1997లో వివరించారు. దక్షిణ అమెరికా మెట్టప్రాంతాల్లోని ఒక ఆకు కప్ప కూడా ఇలాగే మైనం పూసుకుంటుంది.

సంతానం విషయంలోనూ ఈ రెంటికీ పోలిక ఉంది. ఆకు కప్పలు నీటిపైకి వంగిన ఆకులపై గ్రుడ్లు పెడతాయి. మన చెట్టు కప్ప నీటిపైనున్న కొమ్మకో, తొట్టి గోడకో నురుగు గూడు కడుతుంది. ఆడకప్ప తాను విడిచిన ద్రవాన్ని వెనుక కాళ్ళతో, మజ్జిగ చిలికినట్లు, చిలికి నురుగు చేసి అందులో గ్రుడ్లు పెడుతుంది. నురుగు పైభాగం ఎండి గట్టిపడుతుంది, లోపలి తడి ఆరదు. కొద్ది రోజులకు తోకపిల్లలు క్రింది నీటిలోకి జారిపడతాయి. అవి కాళ్ళు వచ్చి గట్టెక్కడానికి వారాలు పడుతుంది. ఈలోగా నీరు ఇంకిపోతే ఆ సంవత్సరపు పిల్లలన్నీ పోయినట్లే.

గనుక ఈ కప్పకు నీరొక్కటే చాలదు. దాని చెంత చెట్టూ కావాలి. చెరువు గట్టుమీది పాత చెట్టును కొట్టేముందు, పురుగుమందు డబ్బాను కుంటలో కడిగేముందు ఒక్కసారి ఆలోచించండి. పొలంలో పురుగులను తిని మనకు మేలుచేసే ఈ చిన్న ప్రాణి మననుండి కోరేది ఒక కొమ్మ, ఆ క్రింద కాసిని మంచినీళ్ళు. అంతే.