పెద్దోళ్లకి అన్నం, పింఛను ఉంటే సరిపోతుందా?



మన గ్రూపులో స్కాలర్‌షిప్పుల గురించి, నోటిఫికేషన్ల గురించి, జీవో నంబర్ 3 గురించి చాలా పోస్టులు వచ్చాయి. నేను ఈసారి మన ఇళ్లల్లో ఉన్న ముసలోళ్ల గురించి రాస్తున్నాను. వాళ్ల ఒంటరితనం గురించి. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

నేను నరసాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మాది పైన ఏజెన్సీ, కోయ కుటుంబం. ఇక్కడికి వచ్చిన కొత్తలో, డెల్టాలో పెద్దోళ్లు మనోళ్లకంటే సుఖంగా ఉంటారనుకునేవాణ్ణి. డాబా ఇళ్లు, ఫ్యాన్లు, నడిచి వెళ్లేంత దూరంలో ఆసుపత్రి. ఇంకేం కావాలి అనిపించేది.

నరసాపురం అంటే లేసు అల్లిక. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఇది. 2024లో దీనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం తెచ్చింది. గంటలకి గంటలు అల్లినా, అది ఇంట్లో తీరిక వేళ చేసే పని అని చెప్పి ఆడవాళ్లకి తక్కువ కూలి ఇస్తారని అందులో చూపించింది. కూలి సంగతి ఇప్పటికీ ఆలోచించాల్సిందే. అయితే నాకు మా వీధిలో ఇంకొక సంగతి కనపడింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురైదుగురు ఆడవాళ్లు ఒక అరుగు మీద చేరతారు. చేతులు అల్లుతూ ఉంటాయి, నోళ్లు మాట్లాడుతూ ఉంటాయి. ఎవరింట్లో ఏం కూర, ఎవరి అబ్బాయికి సంబంధం వచ్చింది, అన్నీ అక్కడే.

ఆ అరుగు మీదకి ఒక మామ్మగారు వచ్చేవారు. కూతురు కువైట్‌లో ఇంటిపని చేస్తుంది, కొడుకు హైదరాబాదులో ఉంటాడు. గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు గల్ఫ్ వెళ్లడం ఇక్కడ మామూలే. నెలనెలా డబ్బులొస్తాయి, సాయంత్రం వీడియో కాల్ వస్తుంది. ఆవిడ ఫోనుకి నేనే రీచార్జ్ చేసిపెడతాను. నిరుడు ఆవిడకి కంట్లో శుక్లం ముదిరింది. కుట్టు కనపడటం లేదని లేసు మానేశారు. లేసు మానేశాక అరుగు మీదకి రావడం కూడా మానేశారు. ఎందుకు రావట్లేదని అడిగితే, "సూది పట్టలేనిదాన్ని అక్కడ కూచుని ఏం చేస్తాను బాబూ, వాళ్ల పనికి అడ్డం" అన్నారు. ఆ తర్వాత వంట ఒక పూటకి దించేశారు. వీడియో కాల్‌లో మాత్రం "బాగానే ఉన్నాను" అనేవారు.

ఆవిడకి లోటు వచ్చింది కంటిచూపులో. పోయింది మాత్రం నలుగురితో కూచునే వంక.

అప్పుడే నాకు మా తాత అర్థమయ్యాడు.

మాది గోదారి ఒడ్డున ముంపు ఊరు. పోలవరం ముంపులో లక్షకు పైగా కుటుంబాలు కదలాలని లెక్క, అందులో మేమూ ఒకళ్లం. ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. స్లాబు ఇల్లు, కరెంటు, రోడ్డు ఉన్నాయి. నా చదువుకి కూడా బస్సు దగ్గరయ్యింది, కాదనను. కానీ తాతకి పాత ఊళ్లో రోజంతా ఏదో ఒక పని ఉండేది. పొద్దున్నే జీలుగు కల్లు దగ్గర నలుగురు ముసలోళ్లు చేరేవారు. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరేవాళ్లు. గెట్టు తగాదా వస్తే తాతని పిలిచేవారు. విత్తనాల పండక్కి, పెళ్లిళ్లకి ఆయన డోలు ఉండాల్సిందే. కాలనీలో జీలుగు చెట్టు లేదు, పోడు లేదు, పాత జతగాళ్లు తలో వైపు పడ్డారు. ఇద్దరు చనిపోయారు కూడా. తాత చుట్టూ జనం మాత్రం ముందుకంటే ఎక్కువే ఉన్నారు. ఆయన్ని ఏదైనా అడిగేవాళ్లే లేరు.

రాత్రిళ్లు నిద్ర పట్టదు. కాళ్లు లాగుతున్నాయి, కడుపు బరువుగా ఉందంటాడు. పరీక్షలు చేయిస్తే ఏమీ తేలలేదు. ఒకరోజు కోయలో అన్నాడు, "ఊరు పోయింది, నేనెందుకు మిగిలాను" అని. ఇంట్లో అందరం "వయసైపోయింది కదా" అనుకున్నాం. మన ఇళ్లల్లో అందరూ అనుకునేది అదే.

కానీ వయసు వేరు, జబ్బు వేరు. మన దేశంలో పెద్దవాళ్ల మీద లాసీ అని ఒక పెద్ద సర్వే 2017-18లో జరిగింది. 60 ఏళ్లు దాటినవాళ్లలో 8.3 శాతం మందికి డిప్రెషన్ ఉండొచ్చని తేలింది. నాకు డాక్టర్ డిప్రెషన్ అని చెప్పారు అన్నవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. అంటే మిగతావాళ్లంతా "వయసైపోయింది" కింద కొట్టుకుపోతున్నారు. ముసలోళ్లు దిగులుగా ఉందని చెప్పరు. నిద్ర లేదు, ఆకలి లేదు, ఒళ్లు నొప్పులు అంటారు. రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే, ఇష్టమైన పని కూడా వద్దంటుంటే, దాన్ని జబ్బుగా చూడాలి.

దీనికి పెద్ద పెద్ద డాక్టర్లే కావాలని లేదు. గోవాలో జరిగి 2019లో బయటకొచ్చిన ఒక పరిశోధన చదివాను. కొద్దిగా దిగులు మొదలైన 60 ఏళ్లు దాటినవాళ్లు 181 మంది. అందులో 91 మందికి, డాక్టర్లు కాని మామూలు మనుషులే శిక్షణ తీసుకుని సాయం చేశారు. ఉన్న సమస్యని ముక్కలు చేసి ఒక్కోటి ఎలా తీర్చుకోవాలో, నిద్ర ఎలా సరిచేసుకోవాలో, షుగరు లాంటివి ఎలా చూసుకోవాలో చెప్పారు. ప్రభుత్వం నుంచి రావాల్సినవి ఇప్పించారు. ఏడాదిలో వాళ్లలో నలుగురికే డిప్రెషన్ ముదిరింది. ఆ సాయం అందని 90 మందిలో 13 మందికి ముదిరింది. జింబాబ్వేలో అయితే ముసలమ్మలకే శిక్షణ ఇచ్చి, బెంచీ మీద కూచోబెట్టి, ఊరివాళ్ల దిగులు వినిపిస్తున్నారు. అక్కడ ముసలివాళ్లే మందు.

మామ్మగారి దగ్గరికి వస్తాను. పక్కింటావిడ ఒకరోజు దారం ఉండలు, అల్లిన ముక్కలు తెచ్చి ఒళ్లో పోసింది. "ఉండలు చుట్టి, ముక్కలు లెక్కెట్టండి, మాకు లెక్క తప్పిపోతోంది" అంది. దానికి చూపుతో పనిలేదు, చేతులు చాలు. ఇప్పుడు మళ్లీ అరుగు మీద ఉంటున్నారు. కంటి ఆపరేషన్ ఇంకా కాలేదు. రెండు పూటలా వండుకుంటున్నారు. "రండి, సరదాగా కూచోండి" అని ఉంటే వచ్చేవారు కాదని నా నమ్మకం. మీరు లేకపోతే లెక్క తప్పుతోంది అన్నందుకే వచ్చారు.

మా ఇంట్లో కూడా అదే దారి పట్టాం. నాన్న తాతని డాక్టర్‌కి చూపించాడు, మందు రాశారు, వాడుతున్నాడు. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి కాలనీ పిల్లలకి డోలు నేర్పమని మా బావ అడిగాడు. మొదట రెండు రోజులు కసిరి పంపేశాడు. మూడో రోజు పిల్లలు తప్పు కొడుతుంటే వినలేక తనే లేచి వచ్చాడట. పూర్తిగా బాగయ్యాడని చెప్పను. నిద్ర ఇంకా అంతంత మాత్రమే. పిల్లల్ని తిడుతున్నాడు, అది మాకు సంతోషం.

మనం చదువుకోవడానికి ఊరు వదిలాం. అది వాళ్లు పంపితేనే జరిగింది, దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ మనం వచ్చేశాక అక్కడ ఒక చోటు ఖాళీ అవుతుంది. అందుకే నాకు తోచినవి చెప్తున్నాను.

ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, మందులేసుకున్నావా" దగ్గర ఆగిపోకండి. వాళ్లకి మాత్రమే తెలిసింది ఏదైనా అడగండి. ఏ ఆకు దేనికి, ఏ వంశానికి ఏ వేల్పు, పాత ఊళ్లో ఎవరి ఇల్లు ఎక్కడ. మన భాషలో అడగండి. సెలవుల్లో వెళ్లినప్పుడు వేరే కాలనీలో ఉన్న వాళ్ల పాత స్నేహితుడి దగ్గరికి బండి మీద ఒకసారి తీసుకెళ్లండి. చెవుడు, శుక్లం ఉంటే చూపించండి, అవి మనిషిని నలుగురి నుంచి విడదీస్తాయి.

చచ్చిపోతాను, ఎందుకీ బతుకు అని ఎవరైనా అంటే ముసలోళ్ల మాటే కదా అని నవ్వి వదిలేయొద్దు. ఒంటరిగా ఉంచొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ల కోసం ప్రత్యేకంగా ఎల్డర్ లైన్ 14567 ఉంది. రెండూ ఫోన్లో సేవ్ చేసుకోండి.

మీ ఇంట్లో పెద్దోళ్లని ఈ వారం ఏం అడిగారో, ఏం చెప్పారో ఇక్కడ రాయండి. మా తాత చెప్పినవి నేను రాయడం మొదలుపెట్టాను. ఒక నోటుబుక్కు సగం నిండింది.

జై ఆదివాసీ.