చివరి వరుస

ఎన్నికల కరపత్రం ఏదొచ్చినా ప్రెస్సులో మా గురువుగారు ముందు చివరి వరుస కంపోజ్ చేయించేవారు: ప్రింటరు పేరు, పబ్లిషరు పేరు, చిరునామా. "అది లేకపోతే ఆర్నెల్లు లోపల కూర్చోవాలి బాబూ" అనేవారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ మాట అది. ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2022 ఏప్రిల్‌లో మా చోడవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. ఆ వరుసలో జిల్లా పేరు మార్చాను గానీ వరుస తీసెయ్యలేదు.

ఇప్పుడు కరపత్రాలు తగ్గాయి. ఆటో మైకు రికార్డింగులు, స్టేటస్ వీడియోలే ఎక్కువ. 2024 ఎన్నికలప్పుడు ఓ కుర్రాడు ఫోన్ పట్టుకొచ్చాడు.

"అన్నయ్యా, ఇందులో మా తాత గొంతుంది. మా పార్టీకే ఓటెయ్యమని ఊరికి ఆయనే చెప్పినట్టు చేసీగలవా?"

తాత పోయి మూడేళ్లు. ఆ జనవరిలోనే తమిళనాడులో మాజీ ముఖ్యమంత్రి కరుణానిధిని ఏఐతో తెరమీద మాట్లాడించారు. ఆయన 2018లోనే పోయారు. నేనూ చేసేశాను. మొదట్లో "ఇది కంప్యూటర్‌తో చేసిన గొంతు" అని నా గొంతుతో కలిపాను. మర్నాడు టీకొట్టు దగ్గర అదే ఆడియో మోగింది. నా ముక్క లేదు. ఓ ముసలమ్మ కళ్లొత్తుకుంటోంది.

అప్పటికి లేబుల్ నియమం లేదు. నకిలీ వీడియోలు దృష్టికొచ్చిన మూడు గంటల్లో తీసెయ్యాలని 2024 మే 6న ఎన్నికల సంఘం పార్టీలకు చెప్పింది. 2025 జనవరిలో లేబుల్ పెట్టమంది. అక్టోబర్ 24న కొలతలిచ్చింది: తెరమీద కనీసం పదో వంతు జాగా, వీడియోకైతే పైభాగాన, ఆడియోకి మొదటి పదో వంతు సమయం. తయారీకి బాధ్యులెవరో చెప్పాలి. పార్టీ రికార్డు ఉంచాలి.

వీడియోకి చిక్కు తక్కువ. పై పట్టీ కోస్తే నాయకుడి తల కూడా తెగేలా ఫ్రేమ్ కడతాను. చిక్కంతా ఆడియోదే. అరనిమిషం ప్రకటనకు లేబుల్ మూడు సెకన్లు, అదీ మొదట్లో. కోయడం ఎంత సేపు? అందుకే ఆ లేబుల్ మాట మొదట్లో, మధ్యలో చెప్పి, చివర చేయించినవారి పేరుతో ముగిస్తున్నాను. వెనక డప్పు ఆగకుండా నడుస్తుంది. ఎక్కడ కోసినా దరువు తప్పి దొరికిపోతుంది.

లేబుల్ వద్దన్నవారి పని నేను పట్టడం లేదు. తోటి డిజైనర్లకు నేను చెప్పేదొకటే: కింద మీ పేరు వేసుకోలేని గొంతు చెయ్యకండి.