అత్తగారు తాగిన ముగ్గు

మొన్న మంగళవారం నా మోకాళ్ళకి ఎక్స్‌రే తీయించుకున్నాను. తీయించుకున్నాననడం ఎందుకు, మా కోడలు తీయించింది. మెట్ల దగ్గర నేను ఆగి ఆగి ఎక్కడం ఓ నెల్లాళ్ళు గమనించి, ఇంక నా మాట వినకుండా ఆటో పిలిచి, మారేడుపల్లిలో ఓ చోటికి తీసికెళ్ళింది. నిలబడమన్నారు, నిలబడ్డాను. కదలొద్దన్నారు, కదల్లేదు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. బయటికొచ్చి చెప్పులు వేసుకునేలోగా నా మోకాళ్ళు రెండూ కోడలి సెల్‌ఫోన్‌లోకి వచ్చేశాయి. నా ఎముకల్ని నేను చూడకముందే బెంగుళూరులో వున్న మా అమ్మాయి చూసేసి, "అమ్మా, నువ్వింక కింద కూచోకు" అని ఫోన్లో కేకలేసింది.

ఇంత సులువుగా అయిపోయేసరికి నాకేదో వెలితిగా తోచింది. ఎందుకంటారా? ఎక్స్‌రే అంటే మా ఇంట్లో ఓ పెళ్ళంత హడావిడి. 1978లో మా అత్తగారికి తీయించిన ఎక్స్‌రే గురించి మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

అప్పుడు మేం చిలకలగూడలో వుండేవాళ్ళం. మామగారు రైల్వేలో చేసి రిటైరయ్యారు. మావారు రైల్ నిలయంలో గుమాస్తా. నేను కాపురానికి వచ్చి ఏడాదిన్నర. అత్తగారికి తరుచు కడుపులో నొప్పి వచ్చేది. అదీ పగలు కాదు, అందరూ నిద్రపోయాక. చీకట్లో లేచి, వంటింట్లో గోడకి ఆనుకుని కూచుని, గిన్నెలో మిగిలిన పాలు ఓ గుక్క తాగేవారు. నాకు మెలకువ వచ్చి, "ఏం అత్తయ్యా?" అంటే, "ఏం లేదమ్మాయ్, వాయువు. పడుకో" అనేవారు. నేను పడుకునేదాన్ని. ఆ వయసులో నిద్ర అలాంటిది లెండి.

ఒకరోజు రుబ్బురోలు దగ్గర పొట్ట పట్టుకుని ముందుకి వాలిపోయారు. ఇంక వాయువని సరిపెట్టుకోవడానికి లేకపోయింది. డాక్టరు చూసి, "బేరియం మీల్ తీయించండి" అని చీటీ రాసిచ్చాడు.

మామగారికి ప్రతి ఇంగ్లీషు మాటనీ తెలుగులోకి మార్చి చెప్పే అలవాటు. "మీల్ అంటే భోజనం. నీకు బేరియం భోజనం పెడతార్ట" అన్నారు. అంతే! "నేను బయట భోజనం చెయ్యను. ఎవరు వండుతారో, ఏం మడో! అందులో ఉల్లిపాయ వుంటుందా?" అని అత్తగారు మొదలుపెట్టారు. చివరికి మావారు వెళ్ళి వాకబు చేసుకొచ్చారు. అది వండేది కాదు, ఓ రాతిపొడి, నీళ్ళలో కలిపి ఇస్తారని చెప్పాక గాని ఆవిడ శాంతించలేదు.

ఆ రాయి ఏమిటో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మన ముగ్గురాయే! రాయలసీమలో రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో దీనికి పెద్ద గనులున్నాయి. ప్రపంచంలోకెల్లా పెద్ద నిక్షేపాల్లో అదొకటి. దాని శాస్త్రీయ నామం బేరియం సల్ఫేట్. వైద్యానికి వాడేది బాగా శుద్ధి చేసిందనుకోండి. ఎక్స్‌రే కిరణాలు కండలోంచీ పేగులోంచీ సులువుగా దూరిపోతాయి. అంచేత ఉత్త పొట్టని ఫొటో తీస్తే అన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. ఈ బరువైన పొడి లోపల పూతలా పరుచుకుంటే కిరణాలు అక్కడ ఆగిపోయి, జీర్ణకోశం ఆకారం తెల్లగా తేలుతుంది. ఒంట్లో కరగదు, రక్తంలో కలవదు, వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. చీకటి వాకిట్లో ముగ్గు పెడితే గడప ఎక్కడుందో తెలిసినట్టన్నమాట.

ముందురోజు రాత్రినుంచి మంచినీళ్ళు కూడా తాగకూడదన్నారు. "ఏకాదశే కదా" అన్నారు అత్తగారు. ఉపవాసం మాటెత్తితే ఆవిడకి ధైర్యం వస్తుంది. పొద్దున్నే రెండు రిక్షాల్లో స్టేషను ముందునుంచి క్లాక్ టవర్ వైపు బయల్దేరాం.

అక్కడ వచ్చింది అసలు చిక్కు. మెడలో బంగారం తియ్యాలన్నారు. లోహం అడ్డొస్తే బొమ్మలో పొట్ట మీద పుస్తెల నీడ పడుతుందిట. "మా ఆయన నిక్షేపంలా ఎదురుగుండా కూచుని వుండగా పుస్తెలు తియ్యమంటావా?" అని అత్తగారు ఆ కుర్రాడి మీద విరుచుకుపడ్డారు. మామగారు పేపరు దించి, "నేనెక్కడికీ పోలేదుగా" అన్నారు. అయితే అత్తగారు అన్నీ ఆలోచించుకునే వచ్చారు. సంచీలోంచి పసుపుతాడూ, పసుపు కొమ్మూ తీసి మామగారి చేతిలో పెట్టారు. పదిమంది రోగుల మధ్య, బల్ల మీద కూచోబెట్టి, మామగారు ఆవిడ మెడలో మూడు ముళ్ళూ వేశారు. ఎదుటి బెంచీ మీది పెద్దమనిషొకాయన అక్షింతలు లేవే అని విచారించాడు. పుస్తెలు నా జేబురుమాలులో మూటకట్టి దాచాను.

ఎక్స్‌రేకీ, పెళ్ళి గుర్తులకీ మొదటినుంచీ ఏదో లంకె వుంది. 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ గారు ఈ కిరణాలు కనిపెట్టాక, డిసెంబరు 22న తన భార్య బెర్తా చేతిని బొమ్మ తీశాడు. అందులో ఎముకలతోబాటు వేలికున్న ఉంగరం నల్లగా కనిపిస్తుంది. ఆ మహానుభావుడు ఉంగరం తియ్యమని అడగలేదు. ఆవిడ మా అత్తగారిలాంటిదేనేమో!

అత్తగారికి తోడుగా నేనూ లోపలికి వెళ్ళబోయాను. తలుపు దగ్గర ఆయా ఆపి, గట్టిగా, అందరికీ వినపడేలా, "అమ్మా, మీరేమన్నా కడుపుతో వున్నారా? వుంటే లోపలికి రాకూడదు" అంది. నేను మాట్లాడలేదు. నెల తప్పి పదిరోజులయింది. ఇంకా మావారికే చెప్పలేదు. నా మొహం చూసి ఆయా నవ్వింది. మావారు నావైపు నోరు తెరుచుకుని చూశారు. మామగారు చటుక్కున పేపరు అడ్డం పెట్టుకున్నారు. తలకిందులుగా పట్టుకున్నారని తర్వాత చూశాను. ఎక్స్‌రే గదిలో అడుగు పెట్టకుండానే నా లోపలి సంగతి బయటపడిపోయింది.

అత్తగారు ఒక్కరే వెళ్ళారు. ముప్పావుగంటకి వచ్చారు, మూతికి తెల్లగా అంటుకుని. "సున్నంలో చక్కెర కలిపినట్టుంది. కుడివైపు తిరగమంటాడు, ఎడమవైపు తిరగమంటాడు, బల్లని నిలబెడతాడు, పడుకోబెడతాడు. అంగప్రదక్షిణం చేయించాడే!" అన్నారు. మర్నాటి ఉదయం వృత్తాంతం కూడా ఆవిడ చెప్పారు గాని, పత్రికలో రాసేది కాదు.

ఈ విద్య మొదలుపెట్టిందీ ఓ కుర్రవాడే. 1896లో అమెరికాలో హార్వర్డులో వైద్యం చదువుతున్న వాల్టర్ కానన్ అనే అతను బాతులకీ పిల్లులకీ మేతలో లోహపు లవణం కలిపి పెట్టి, అది కడుపులో ఎలా కదులుతుందో ఎక్స్‌రేలో చూసేవాడు. బేరియం ఆ తర్వాత 1910 ప్రాంతాల్లో వాడుకలోకి వచ్చింది. అతను చూసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయినదొకటుంది. పిల్లికి కోపమో భయమో కలిగితే దాని జీర్ణకోశం కదలిక ఠక్కున ఆగిపోయేదిట. పిల్లి శాంతించాక మళ్ళీ మొదలయ్యేదిట. మన ఇళ్ళల్లో భోజనాల వేళ పంచాయతీలు పెట్టేవాళ్ళకి ఈ పిల్లి సంగతి చెప్పాలి.

డాక్టరు ఫిల్ములు దీపం పెట్టెకి తగిలించి చూపించాడు. జీర్ణకోశం తెల్లటి కొక్కెంలా వేలాడుతోంది. అది అయిపోయి పేగు మొదలయ్యేచోట చక్కటి మొగ్గలా వుండాలిట. అత్తగారిది నలిపేసిన పువ్వులా ముడుచుకుపోయి వుంది. "ఇది ఇవాళ్టి పుండు కాదు. పడుతూ, మానుతూ, మళ్ళీ పడుతూ కొన్నేళ్ళుగా వుంది. ఇంట్లో ఎవరూ చూడలేదా?" అన్నాడు. మేం ముగ్గురం నేలచూపులు చూశాం. "నొప్పుల మాత్రలేమైనా మింగుతారా?" అనడిగాడు. ఈసారి నేల చూడడం అత్తగారి వంతయింది.

మాత్రలు ఇంట్లో పోపుల డబ్బాలో, జీలకర్ర గిన్నె కింద దొరికాయి. ఆస్ప్రిన్ బిళ్ళలు. పక్కింటి కుర్రాడిచేత తెప్పించుకుని, మోకాళ్ళ నొప్పులకి ఖాళీ కడుపున మింగేవారు. ఆ మాత్రలు నొప్పినైతే ఆపుతాయి గాని కడుపు పొరని తినేస్తాయి.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా?" అని అడుగుతూ ఏడుపొచ్చేసింది నాకు.

"చెబితే మంచాన పడేస్తారు. నీకు నెల తప్పిందని నాకు వారంనుంచే తెలుసు. అన్నం వార్చేటప్పుడు ముక్కు మూసుకుంటున్నావు. ఇద్దరం పడుకుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారే?" అన్నారు.

ఆవిడకి ఏ బేరియమూ అక్కర్లేకపోయింది, చూశారా.

తర్వాతి వారం మోకాళ్ళకీ ఎక్స్‌రే తీయించారు. రెండెముకల మధ్య మెత్తలా వుండే మృదులాస్థి ఎక్స్‌రేలో కనపడదు. అది అరిగిపోతే రెండెముకల మధ్య సందు తగ్గిపోతుంది, దాన్నిబట్టి తెలుసుకుంటారు. అత్తగారికి లోపలివైపు సందే లేదు. నెల తిరక్కుండా మావారు మేస్త్రీని పిలిచి వంటింట్లో గట్టు కట్టించారు. నేలమీది కిరసనాయిలు స్టవ్వు గట్టెక్కింది. ముప్ఫయ్యేళ్ళు ఆ పొయ్యి ముందు గొంతుక్కూచున్న మనిషి మొదటిసారి నిలబడి వంట చేశారు.

అదే ఏడాది మా ఇంట్లో అంట్లు తోమే మనిషిదీ ఓ ఎక్స్‌రే వుంది. నల్లగొండ జిల్లా ఆవిడ. నలభై దాటలేదు, మెడ పక్కకి తిప్పలేదు, నడుం వంచలేదు. అందరూ కీళ్ళవాతం అనేవారు. అత్తగారే పట్టుబట్టి మావారిచేత పెద్దాసుపత్రికి పంపించారు. ఆ ఎముకలు సున్నం కొట్టినట్టు చిక్కటి తెలుపు. ముంజేతి ఎముకల మధ్య వుండే పొర కూడా గట్టిపడిపోయింది. డాక్టరు ఏం తింటావని అడగలేదుట, "ఏ వూరు, ఏ బావి నీళ్ళు?" అని అడిగాడుట. నీళ్ళలో ఫ్లోరైడు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బుందని 1937లోనే వైద్యులు రాశారు. నల్లగొండ గురించి 1955లో వచ్చింది. పటికా సున్నంతో ఆ నీళ్ళు శుద్ధిచేసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. కృష్ణా నీళ్ళు గొట్టాల్లో వచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. "మా ఊర్ల అందరికీ గిట్లనే ఉంటదమ్మా" అనేది ఆవిడ. ఆ ఒక్కమాటలోనే రోగనిర్ణయం వుంది, మేం వినిపించుకోలేదు గాని.

అత్తగారి కడుపు విషయంలో నాకింకో పశ్చాత్తాపం వుంది. పుండని తెలిసిన రోజునుంచీ ఆవిణ్ణి ఆవకాయ తిననివ్వలేదు. తర్వాత 1982లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే ఇద్దరు కడుపులో ఓ సూక్ష్మజీవిని పట్టుకున్నారు. ఇలాంటి పుళ్ళకి చాలావరకు కారణం అదీ, నొప్పుల మాత్రలూనట. 2005లో వాళ్ళకి నోబెల్ బహుమతి వచ్చింది. పేపర్లో ఆ వార్త చూసినప్పుడు, ఎర్రగా నూనె తేలిన ఆవకాయ జాడీవైపు చూస్తూ చాలాసేపు కూచున్నాను. అప్పటికి అత్తగారు లేరు. ఇప్పుడు పుండు చూడాలంటే గొట్టం వేసి నేరుగా చూసేస్తున్నారు, ముగ్గు తాగించడం బాగా తగ్గింది.

నా మోకాళ్ళ బొమ్మ చూసిన డాక్టరమ్మ చిన్నపిల్ల. "అరుగుదల ఓ మోస్తరుగా వుందాంటీ. కాని బొమ్మకీ నొప్పికీ ఎప్పుడూ లెక్క కుదరదు. బొమ్మ ఘోరంగా వున్నవాళ్ళు గుడిమెట్లెక్కేస్తారు, బొమ్మ బాగున్నవాళ్ళు మంచం దిగలేరు. మీకెంత నొప్పో మీరే చెప్పాలి" అంది. నేను కొంచెం తగ్గించే చెప్పాను.

ఆటోలో వస్తూ కోడలు మెల్లిగా అడిగింది: "అత్తయ్యా, నొప్పికి మాత్రలేమైనా వేసుకుంటున్నారా?"

"అబ్బే" అన్నాను.

ఇంటికొచ్చాక అది కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపటికి స్టీలు మూత తీసిన చప్పుడయింది. కాఫీకి పోపుల డబ్బాతో పనేమిటి?