సీసాలో ఇమడని యాసిడ్

బాత్రూం కడిగే యాసిడ్ సీసాను మూత సరిగ్గా బిగించకుండా ఓ మూల వదిలేశారనుకోండి. కొన్నాళ్లకి పక్కనున్న తలుపు గడియ తుప్పు పట్టి కనిపిస్తుంది. చుక్క కూడా దానిమీద ఒలకలేదే అంటారు. పనమ్మాయిని అనుమానించకండి, పాపం.

ఆ సీసాలో ఉన్నది నీళ్లలో అద్దెకున్న వాయువండీ! హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఆ వాయువు ద్రవంగా మారాలంటే సున్నాకి దిగువన 85 డిగ్రీల చలి కావాలి. మన ఎండల్లో దానికి కాలు నిలుస్తుందా? నీళ్లంటే విపరీతమైన మోజు గనుక ఆ మాత్రమైనా ఉంటోంది. ల్యాబుల్లో వాడే గాఢమైన యాసిడ్‌లో అది బరువు లెక్కన 37 శాతం దాకా ఉంటుంది. మూత తీయగానే బయటికొచ్చి, గాలిలో తేమను పట్టుకుని సన్నని తుంపరలవుతుంది. మనకు కనిపించే పొగ అదే, అసలు వాయువుకి రంగే లేదు. ఆ తుంపరలే గడియమీద వాలాయి. సల్ఫ్యూరిక్ యాసిడ్ ఒంటిమీద పడితే ఇంతకంటే దుర్మార్గం, కానీ మామూలు వేడిలో అది సీసా దాటి రాదు.

మరి మన బాత్రూం యాసిడ్‌ను మరిగిస్తే? (ఇంట్లో ప్రయత్నించకండి, నేను చెబుతున్నాగా.) గాఢమైనదైతే వాయువు ముందు లేచిపోయి యాసిడ్ పలచబడుతుంది. పలచనిదైతే నీరు ముందు పోయి చిక్కబడుతుంది. రెండూ 20 శాతం దగ్గర కలుసుకుంటాయి. ఆపైన 108 డిగ్రీల పైచిలుకు వేడిలో ఎంతసేపు మరిగినా ఆ పాలు మారదు. గాలి ఒత్తిడి తగ్గితే మాత్రం ఆ శాతం కాస్త పెరుగుతుంది, కాబట్టి విశాఖలో కన్నా హైదరాబాదులో వెంట్రుకవాసి ఎక్కువ. కెమిస్టులు ఈ నిలకడను నమ్మి, ఇలా మరిగించిన యాసిడ్‌ను కొలతలకు ప్రమాణంగా పెట్టుకున్నారు. గడప దాటడమే పనిగా ఉన్నదానికి ఇంత నియమమేమిటో!

19వ శతాబ్దపు ఇంగ్లండులో ఉప్పు నుంచి సోడా తీసే లెబ్లాంక్ ఫ్యాక్టరీలు ఈ వాయువును ఊళ్లమీదికి వదిలేస్తే చుట్టుపక్కల చెట్లు మాడిపోయాయి. 1836లో విలియం గాసేజ్ అనే ఆయన ఓ పాడుబడ్డ గాలిమరలో ముళ్లకంప నింపి, పైనుంచి నీళ్లు వదిలి, అందులోకి వాయువును పంపాడు. నీళ్లమీది మోజే దాన్ని పట్టించింది. నూటికి 95 పాళ్లు ఇలా పట్టి తీరాలని 1863లో చట్టమే వచ్చింది.

మన వీధుల్లో ఈ వాయువును మచ్చిక చేసుకున్నవాడు, గిన్నెలకు తగరం పూసే కళాయివాడు. ఇత్తడి గిన్నెను బొగ్గులమీద కాల్చి, నవసారం చల్లి, దూదితో రుద్దగానే గుప్పున తెల్లపొగ లేచేది, గుర్తుందా? నవసారమంటే అమ్మోనియం క్లోరైడ్. వేడికది అమ్మోనియాగా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా విడిపోతుంది. రెండోది గిన్నెకు పట్టిన చిలుమును తినేస్తుంది. చిలుముంటే తగరం అంటదు, దొర్లిపోతుంది. శుభ్రపడ్డ లోహానికి తగరం తాకిస్తే 232 డిగ్రీలకే కరిగి, దూది ఎటు తిప్పితే అటు పరుచుకుంటుంది. మిగిలిన వాయువులు పైకెగిరి, చల్లగాలి తగలగానే మళ్లీ జతకట్టి నవసారపు పొడిగా తేలుతాయి. ఆ పొగ గొంతుకు మంచిదేమీ కాదు గానీ, అప్పట్లో మమ్మల్ని అక్కణ్ణుంచి లేపడం మా అమ్మ తరం కాలేదు.