వెనుదిరిగే చోటు

ప్రయాణం అనగానే ఎక్కడికి వెళ్లాలి, ఏమేమి చూడాలి అన్న ప్రశ్నలే ముందుగా తలెత్తుతాయి. ఈ జూలైలో చిన్న పడవపై ఉత్తర తీరానికి వెళ్లాలని మా కుటుంబం సంకల్పించినప్పుడు మేమూ అక్కడే మొదలుపెట్టాం. నాలుగు నెలలుగా సముద్ర పటాలు, ఆటుపోట్ల పట్టికలు ముందు వేసుకుని కూర్చున్న మీదట, మా ప్రణాళికలో అన్నింటికంటే విలువైన పంక్తి ఏదో తెలిసివచ్చింది. ఎక్కడి నుంచి వెనుదిరగాలో చెప్పే పంక్తి అది. దాన్ని రాసుకోవడానికే మాకు ఎక్కువ కాలం పట్టింది.

మేముంటున్నది అమెరికా వాయవ్య మూలనున్న సియాటెల్ నగరంలో. అక్కడి నుంచి కెనడాకు చెందిన బ్రిటిష్ కొలంబియా తీరం వెంబడి అలాస్కా దాకా సాగే జలమార్గాన్ని ఇన్‌సైడ్ ప్యాసేజ్ అంటారు. చివరి రేవు స్కాగ్వే వరకు దాదాపు 1600 కిలోమీటర్లు. ఒకప్పుడు హిమనదాలు తొలిచిన లోయల్లోకి సముద్రం చొచ్చుకురావడం వల్ల ఏర్పడిన తీరమిది. పసిఫిక్ మహాసముద్రపు అలలకు వేలాది దీవులు అడ్డుగోడలై నిలవడంతో, వాటి చాటున చిన్న పడవలు కూడా వందల మైళ్లు సాగిపోగలవు. ఇరువైపులా దేవదారు అడవులు, నీటి అంచుకు దిగివచ్చే ఎలుగుబంట్లు, పడవ పక్కనే ఊపిరి వదిలే తిమింగలాలు. అల్లాహ్ సృష్టిలోని ఈ వైభవాన్ని పిల్లలకు చూపాలన్నదే మా కోరిక.

మా పడవ 34 అడుగుల పాత డీజిల్ పడవ. వడ్డీ అప్పు జోలికి పోకుండా మరో కుటుంబంతో వంతు కలుపుకుని కొన్నది. దాని వేగం 7 నాట్లు, అంటే గంటకు 13 కిలోమీటర్లు. రోజుకు ఆరు గంటలు నడిపితే 42 నాటికల్ మైళ్లు. అలాస్కాలో మొదటి పట్టణం కెచికాన్ మాకు ఆరువందల నాటికల్ మైళ్లకు పైగా దూరం. వెళ్లడానికి పదిహేను రోజులు, రావడానికి పదిహేను రోజులు. మాకు దొరికిన సెలవు ఇరవై ఎనిమిది రోజులే. పదహారేళ్ల మా అబ్బాయి ఈ లెక్కను మూడుసార్లు వేసి చూశాడు. మూడుసార్లూ ముప్పై రోజులే వచ్చాయి. అలాస్కా ఆ విధంగా పటం మీదనే ఆగిపోయింది. దానికి బదులు కెనడా తీరంలోనే, హైల్ట్‌సుక్ ఆదివాసుల ఊరు బెల్లా బెల్లాను గమ్యంగా ఎంచుకున్నాం. అది తొమ్మిది రోజుల దూరం. రాకపోకలు పోను మరో పది రోజులు చేతిలో మిగులుతాయి. ఆ పది రోజులు విహారానికని పిల్లలు అనుకున్నారు. వాతావరణం కోసం ఆగడానికని మేము అనుకున్నాం.

ఈ మార్గంలో ఆగడం తప్పదు. వాంకూవర్ దీవికి తూర్పున, క్యాంప్‌బెల్ రివర్ పట్టణం దాటగానే సేమోర్ న్యారోస్ అనే ఇరుకు జలసంధి ఉంది. ఆటుపోట్ల వేళ అక్కడ నీరు 15 నాట్ల వేగం వరకు పరుగెడుతుంది. మా పడవ వేగానికి అది రెట్టింపు. ఒకప్పుడు దాని మధ్యలో నీటి అడుగున రిపుల్ రాక్ అనే జంట శిఖరాల బండ ఉండేది. వందకు పైగా నౌకలు, పడవలు దానివల్ల దెబ్బతిన్నాయి, వందకు పైగా ప్రాణాలు పోయాయి. 1958 ఏప్రిల్ 5న దానిని పేలుడు పదార్థాలతో పేల్చివేశారు. బండ పోయినా ప్రవాహం పోలేదు. పోటు, పాటు మారే సంధికాలంలో నీరు కొద్ది నిమిషాలు మాత్రమే నెమ్మదిస్తుంది. ఆ నిమిషాలు పట్టికలో చూసుకుని, ముందుగానే వెళ్లి, పక్కన వేచి ఉండి దాటాలి. సబ్ర్ అనే మాటను పిల్లలకు ఎన్నోసార్లు వివరించాం. ఈసారి దానిని నిమిషాలతో సహా పట్టికలో చూపించగలిగాం.

దాని తర్వాత వచ్చే జాన్‌స్టోన్ జలసంధిలో వేసవి మధ్యాహ్నాలు వాయవ్యపు గాలి విజృంభిస్తుంది. తెల్లవారుజామున నీరు తరచుగా ప్రశాంతంగా ఉంటుంది. కనుక ఫజ్ర్ నమాజ్ ముగించి లంగరెత్తడం, జుహ్ర్ లోపు మరో రేవు చేరడం మా నియమం. చీకటి పడ్డాక మాత్రం పడవ కదలదు. కలప నరికే అడవుల నుంచి కొట్టుకువచ్చిన దుంగలు నీటిలో సగం మునిగి తేలుతుంటాయి. అవి రాత్రివేళ కంటికి ఆనవు.

ఆరాధనకూ ముందే ఏర్పాటు కావాలి. తెలుగునాట పెరిగిన మనకు ఖిబ్లా అంటే పడమటి దిక్కు. సియాటెల్ నుంచి భూగోళంపై అతి దగ్గరి దారిని కొలిస్తే, కాబా ఉత్తరానికి సుమారు 18 డిగ్రీలు తూర్పుగా ఉంటుంది. అక్కడ దిక్సూచి ముల్లు కూడా నిజమైన ఉత్తరానికి 15 డిగ్రీలు తూర్పుగా చూపుతుంది కనుక, ముల్లు చూపినదే మాకు ఇంచుమించు ఖిబ్లా. బెల్లా బెల్లా చేరేసరికి కోణం 12 డిగ్రీలకు తగ్గుతుంది. అంటే ఉత్తరానికి సాగుతున్నంతసేపూ మా పడవ ముక్కు దాదాపు ఖిబ్లా వైపే ఉంటుంది. లంగరు వేసిన పడవ గాలికి తిరుగుతుంది కనుక, నమాజ్ మధ్యలో అది తిరిగితే మనమూ వీలైనంత వరకు ఖిబ్లా వైపు తిరగాలి. నిలబడలేనంత ఊగిసలాట ఉంటే కూర్చుని చేసుకోవచ్చు. ప్రయాణికులం కాబట్టి ఖస్ర్ సౌలభ్యం ఎలాగూ ఉంది.

ఇషా వేళ ఇంతకంటే చిక్కైన ప్రశ్న. 48.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక, వేసవి నడిమి రోజుల్లో సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కిందికి దిగడు. ఆకాశపు అంచున వెలుగు రాత్రంతా పూర్తిగా ఆరిపోదు. ఇటువంటి చోట్లకు ధర్మవేత్తలు కొన్ని మార్గాలు చూపారు. రాత్రిని సగానికి విభజించడం, ఏడు భాగాలు చేయడం, వేళలు స్పష్టంగా తెలిసే సమీప ప్రాంతాన్ని అనుసరించడం వాటిలో కొన్ని. మా మసీదు ఇమామ్‌ గారిని అడిగి ఒక పద్ధతిని ఖాయం చేసుకుని, ఇరవై ఎనిమిది రోజుల వేళలు కాగితంపై రాసి పెట్టుకున్నాం. అక్కడ చాలా చోట్ల ఫోన్‌కు సిగ్నల్ ఉండదు.

మంచినీటి తొట్టి చిన్నది, మనుషులం అయిదుగురం. పూర్వం ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) వారి వద్దకు వచ్చి, తాము సముద్రయానం చేస్తామనీ, వెంట కొద్దిపాటి నీరే ఉంటుందనీ, సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అనీ అడిగాడు. సముద్రపు నీరు పరిశుద్ధమైనదేనని ఆయన (సఅసం) సమాధానమిచ్చారు. పద్నాలుగు శతాబ్దాల కిందటి ఆ ప్రశ్న అచ్చంగా మా ప్రశ్నే. కనుక వుజూకు బకెట్, తాగడానికి తొట్టి. వంటకు బియ్యం, పప్పు, గోంగూర పచ్చడి, ఇంటి నుంచే గడ్డకట్టించి తీసుకెళ్లే హలాల్ మాంసం. చేపల వేటకు లైసెన్సు తీసుకుంటాం. పీతల బోను కూడా కొందామని అబ్బాయి అడిగాడు కానీ, మేము అనుసరించే హనఫీ మజ్‌హబ్‌లో సముద్ర జీవుల్లో చేపలే హలాల్ కనుక ఆ ఖర్చు తప్పింది.

ఇక అసలు విషయం. వాంకూవర్ దీవి చాటు ముగిసే చోట క్వీన్ షార్లెట్ సౌండ్ ఉంది. అక్కడ అడ్డుగోడలా నిలిచే దీవులు లేవు. మహాసముద్రపు అలలు నేరుగా తీరాన్ని తాకుతాయి. ఆ తీరపు మొనకు నావికుడు జార్జ్ వాంకూవర్ 1793లో కేప్ కాషన్ అని పేరు పెట్టాడు. హెచ్చరిక మొన అని అర్థం. దానికి ఇవతల పోర్ట్ హార్డీలో ఒక చిన్న ఆసుపత్రి ఉంది. అవతల బెల్లా బెల్లాలో మరొకటి. నడుమ ఏదీ లేదు.

మాతో రాబోతున్న పిల్లల నానీకి బీపీ, మధుమేహం ఉన్నాయి. ఆమె దివిసీమలో పుట్టి పెరిగారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సముద్రం ఊళ్లమీదికి రావడం కళ్లారా చూశారు. భారతదేశం నుంచి మమ్మల్ని చూడటానికి వచ్చిన ఆమెకు కెనడా వీసా తీసుకున్నాం, ఇన్సులిన్ రెండింతలు సర్దాం, డాక్టరు సలహా తీసుకున్నాం. అయినా ఒక సాయంత్రం ఆమె అన్నారు: "బేటా, నన్ను పోర్ట్ హార్డీలో దింపేసి మీరు వెళ్లి రండి. నా మూలంగా పిల్లాడి ముచ్చట ఆగకూడదు."

ఇంట్లో ఎవరూ వెంటనే మాట్లాడలేదు. కాసేపటికి అబ్బాయే అడిగాడు: "నానీ, మీకు సముద్రమంటే భయమా?"

"భయం కాదు నాన్నా. దానితో బేరమాడకూడదని తెలుసు. ఆ రోజు మా వీధిలో ఇంకాసేపు చూద్దాం అనుకున్నవాళ్లున్నారు."

ఆ మాట తర్వాత చర్చ దారి మారింది. అంతవరకు మేము ఎలా దాటాలని ఆలోచించాం. ఇంకాసేపు చూద్దాం అనే మాటకు తావు లేకుండా ఎలా నిర్ణయించాలని అప్పటి నుంచి ఆలోచించాం. విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకుంటారని దివ్య ఖుర్ఆన్ చెబుతోంది. అయిదుగురమూ కూర్చుని నిబంధనలు రాసుకున్నాం. ఆ సముద్రంలో ఉన్న వాతావరణ కేంద్రాలు, అక్కడి లైట్‌హౌస్‌ల కాపలాదారులు అలల ఎత్తు, గాలి వేగం తెలియజేస్తుంటారు. అవి రేడియోలో వినిపిస్తాయి. అల మీటరు దాటినా, గాలి 15 నాట్లు దాటినా, పొగమంచు దట్టంగా ఉన్నా ఆ రోజు దాటకూడదు. పద్నాలుగో రోజు ఉదయానికి కూడా అనుకూలించకపోతే దక్షిణానికి తిరగాలి. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ డెక్‌పైకి రాకూడదు. చన్నీటిలో పడినవారికి ఊపిరి నిలదొక్కుకోవడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు పనిచేయడానికి పది నిమిషాలు, స్పృహ ఉండటానికి ఒక గంట అన్నది అక్కడి నావికులకు నేర్పే లెక్క.

చివరి నిబంధన ఇది: అయిదుగురిలో ఎవరు "వెనక్కి" అన్నా, పన్నెండేళ్ల అమ్మాయి అన్నా సరే, కారణం అడగకుండా పడవను తిప్పాలి. ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తిపొడవకూడదు. దీనిని అబ్బాయి తన చేతితోనే రాశాడు. రాసి, "నానీని ఎక్కడా దింపడం లేదు. వెళ్తే అయిదుగురం, తిరిగితే అయిదుగురం" అన్నాడు.

వెనుదిరగడం గురించి మాట్లాడుకుంటున్నప్పుడు మాకు హుదైబియా గుర్తుకొచ్చింది. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) సుమారు 1400 మంది సహచరులతో ఉమ్రా కోసం బయలుదేరారు. మక్కా పొలిమేరల దాకా వెళ్లారు. కాబా అంత దగ్గరలో ఉండగా, ఒప్పందం ప్రకారం ఆ ఏడాది వెనుదిరగవలసి వచ్చింది. సహచరుల హృదయాలు బరువెక్కాయి. ఖుర్బానీ ఇచ్చి తలవెంట్రుకలు తీయించుకోమని చెప్పినా ఎవరూ కదలలేదు. అప్పుడు ముందుగా మీరే ఆ పని చేయండని విశ్వాసుల మాత ఉమ్మె సలమా (రజి) సలహా ఇచ్చారు. ఆయన (సఅసం) అలాగే చేశారు. అందరూ అనుసరించారు. తిరుగు దారిలో అవతరించిన సూరా ఆ వెనుదిరగడాన్నే స్పష్టమైన విజయంగా ప్రకటించింది. ఒక విహారయాత్రను ఆ మహత్తర ఘట్టంతో పోల్చే సాహసం మాకు లేదు. గమ్యం చేరకపోవడం ఓటమి కానక్కరలేదనీ, ఇంటి స్త్రీ సలహాకు పెద్దల నిర్ణయాల్లో చోటుండాలనీ అందులోంచి నేర్చుకున్నాం.

కేప్ కాషన్ దాటలేకపోయినా చూడదగిన ఊరొకటి దానికి ఇవతలే ఉంది. అది కార్మొరాంట్ దీవిలోని అలర్ట్ బే. అక్కడి క్వాక్వాకావాక్వ్ ఆదివాసుల పాట్లాచ్ వేడుకలను కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా నిషేధించింది. 1922లో వారి ముఖతొడుగులను, వేడుకల సామగ్రిని స్వాధీనం చేసుకుంది. దశాబ్దాల పోరాటం తర్వాత వాటిలో చాలా భాగం తిరిగి వచ్చాయి. వాటిని భద్రపరిచేందుకు 1980లో తెరిచిన కేంద్రానికి ఉమిస్తా అని పేరు పెట్టుకున్నారు. శత్రువులకు చిక్కినవారు క్షేమంగా ఇల్లు చేరితే వారి భాషలో ఆ మాట వాడేవారట. విలువైనదేదో తిరిగి రావడం అని దాని భావం. వారి విశ్వాసాలు వేరు, మనవి వేరు. అయినా తమ వారసత్వాన్ని పిల్లలకు అందించాలన్న ఆరాటం మనకు కొత్తది కాదు. పిల్లలకు ఆ ఊరు తప్పక చూపిస్తాం.

ఇంత లెక్కలు వేసుకుంటే తవక్కుల్ ఎక్కడుందని ఒక మిత్రుడు అడిగారు. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నది దైవప్రవక్త (సఅసం) బోధ. మా పట్టికలు, నిబంధనలు ఆ కట్టుతాడు మాత్రమే. గాలీ అలా మా చేతిలో లేవు. నడి సముద్రంలో ఆపద వచ్చినప్పుడు మనసారా అల్లాహ్‌ను వేడుకుని, ఒడ్డుకు చేరగానే మరచిపోయేవారి గురించి దివ్య ఖుర్ఆన్ హెచ్చరించింది. ఆ కోవలో చేరకుండా ఉండటమే ఈ యాత్రలో అన్నింటికంటే కష్టమైన దాటు అని మాకు అనిపిస్తోంది. దానికి ఏ పట్టికా లేదు.

నూహ్ (అలైహిస్సలాం) తన ఓడ సాగడమూ ఆగడమూ రెండూ అల్లాహ్ నామంతోనే అన్నారు. పాఠకులు తమ దుఆలలో మమ్మల్ని గుర్తుంచుకోవాలని కోరుతున్నాం. బెల్లా బెల్లా చేరినా, పద్నాలుగో రోజున మళ్లినా, అయిదుగురమూ కలిసి ఇల్లు చేరాలని దుఆ చేయండి.